ప్రోగ్రాం ఎట్ల దొరుకుతది?

నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో పాడే పిల్లలు, వాయించే పిల్లలు నావంటి పెద్దమనిషి కనబడితే అడిగే ప్రశ్న ఒక్కటే. "సార్, ప్రోగ్రాం ఎట్ల దొరుకుతది?" రాగం సంగతి అడగరు, గొంతు కాపాడుకునే సంగతి అడగరు. అవన్నీ తెలుసునన్న ధీమా వాళ్లది. ఫోన్లో వాళ్ల పాట ఉంటుంది, దాన్ని ఎంతమంది చూశారో లెక్క ఉంటుంది. ఇంట్లో కీబోర్డు ఉంటుంది, పక్కింటి తమ్ముడికి ప్యాడ్స్ వాయించడం వచ్చు. లేనిదల్లా జనం ఎదురుగా కూర్చుని వినే ఒక రాత్రి. ఇవాళ నా మాటలు ఆ రాత్రి గురించే.

ముందే ఒక సంగతి చెప్పాలి. నేను పాటగాణ్ణి కాను. ఊళ్లో పండుగ కమిటీ కూర్చున్నప్పుడు, ఈసారి ఎవరిని పిలుద్దామని తర్జనభర్జన పడే మనుషుల్లో ఒకణ్ణి. అంటే పిలిచే వైపు మనిషిని. పిలిచే వైపు ఏం మాట్లాడుకుంటారో పాడే వైపు వాళ్లకు సాధారణంగా చేరదు. చేరితే వాళ్లకు చాలా తిరుగుడు తప్పుతుంది.

ఉమ్మడి జిల్లాల లెక్కనే చెబుతాను. 2016లో సూర్యాపేట, భువనగిరి ఒకవైపు, నాగర్‌కర్నూలు, వనపర్తి, గద్వాల ఇంకోవైపు వేరే జిల్లాలయ్యాయి. 2019లో నారాయణపేట కూడా వేరుపడింది. పాటగాళ్లు తిరిగే తొవ్వలు మాత్రం అవే.

మన దిక్కు జనం పాట వినడానికని బయలుదేరి ఒకచోట చేరడం తక్కువ. వేరే పనిమీద చేరిన చోట పాట వింటారు. గణపతి దగ్గర వింటారు, జాతరలో వింటారు, పెండ్లిలో, దినాల్లో, సభలో, సంఘం మహాసభలో వింటారు. టికెట్టు కొని హాల్లో కూర్చుని వినడం హైదరాబాదు సంగతి. కాబట్టి "నా పాట ఎవరు వింటారు" అని బయలుదేరిన పిల్లవాడు ఊరూరా తిరిగి అలసిపోతాడు. "ఎవరి దగ్గర ఎప్పుడు జనం కూడుతున్నారు, అక్కడ ఏ పాట కావాలి" అని బయలుదేరినవాడికి తొవ్వ దొరుకుతుంది.

ఇది కొత్తగా నేను కనిపెట్టింది కాదు. మన పాత పాటగాళ్లంతా ఇట్లనే బతికారు. దానికి మిరాశి అని పేరు. డక్కలి వాళ్లకు మాదిగ ఇండ్లు, ఒగ్గు వాళ్లకు గొల్ల కురుమల ఇండ్లు, కూనపులి వాళ్లకు పద్మశాలీల ఇండ్లు, గౌడజెట్టి వాళ్లకు గౌడుల ఇండ్లు. ఏ బృందానికి ఏ ఊళ్లన్నది తాతల నాడే తేలిపోయింది. పంట ఇంటికొచ్చే కాలానికి కిన్నెరో డోలో భుజాన వేసుకుని వాళ్లు ఊళ్లోకి వచ్చేవాళ్లు. వడ్లో జొన్నలో కొలిచి ఇచ్చేవాళ్లు, బట్టలు పెట్టేవాళ్లు. కులం గీసిన గీతల మధ్య నడిచిన ఏర్పాటు అది. ఇచ్చే చెయ్యి పైన, పుచ్చుకునే చెయ్యి కింద ఉన్న ఏర్పాటు. దాన్ని మళ్లీ తెమ్మని ఎవరూ అడగరు, నేనూ అడగను. కానీ అందులో ఒక సుఖం ఉండేది. వచ్చే ఏడు ఏ నెలలో ఏ ఊళ్లో ఏ ఇంటి ముందు పాడతాడో కళాకారుడికి తెలుసు. ఆ ఇంటివాళ్లకూ తెలుసు.

ఆ సుఖం పోయిన తర్వాత ఏమవుతుందో మన కళ్లముందే చూశాం. నాగర్‌కర్నూలు జిల్లా లింగాల మండలం అవుసలికుంటకు చెందిన దర్శనం మొగిలయ్య గారి పేరు ఈ రోజు తెలియనివాళ్లు లేరు. పన్నెండు మెట్ల కిన్నెర. వెదురు దండెకు సొరకాయ బుర్రలు కట్టి, మైనంతో మెట్లు నిలిపి, ఆ మెట్లమీద వేళ్లు నడిపిస్తూ పండుగ సాయన్న కథ చెబుతాడాయన. చాలా ఏండ్లు ఊళ్లలో ఇల్లిల్లూ తిరిగి చెప్పిన కథే అది. జయధీర్ తిరుమలరావు గారివంటి పరిశోధకులు ఆయన్ని వెలుగులోకి తెచ్చారు. 2021లో భీమ్లా నాయక్ సినిమా పాట మొదట్లో ఆయన గొంతు వినబడింది. 2022లో పద్మశ్రీ వచ్చింది. ప్రభుత్వం ఇంటి స్థలం, కోటి రూపాయలు ప్రకటించింది. రెండేండ్లు తిరిగేసరికి, 2024లో, హైదరాబాదు శివారులో కూలి పనిలో ఉన్న ఆయన ఫొటోలు పత్రికల్లో వచ్చాయి.

చాలామంది ఆ ఫొటో చూసి ప్రభుత్వాన్ని తిట్టారు, కొంతమంది ఆయన్నే తప్పుపట్టారు. నాకు తోచింది వేరు. పేరు ఒకటి, ప్రోగ్రాం ఒకటి. ఆయనకు దేశమంత పేరు వచ్చింది గాని, ఏడాదికి ఇన్ని రాత్రులు నిన్ను పిలుస్తామనే ఇండ్లు మిగలలేదు. సన్మానానికి పిలిచేవాళ్లు శాలువా కప్పుతారు, ఫొటో దిగుతారు. కిన్నెర కథ పూర్తిగా చెప్పాలంటే రాత్రంతా పడుతుంది. సన్మాన సభలో అయిదు నిమిషాలు ఇస్తారు. అదే ఉమ్మడి పాలమూరు జిల్లాలో బుర్రవీణ వాయించే దాసరి కొండప్ప గారు ఉన్నారు, నారాయణపేట దిక్కు దామరగిద్ద ఆయనది, 2024లో పద్మశ్రీ అందుకున్నారు. మన రెండు జిల్లాల కమిటీలను ఒక మాట అడగాలనిపిస్తుంది: గణపతి దగ్గర డీజేకు పెట్టే ఖర్చులో ఒక్క రాత్రిది తీసి, బుర్రవీణ పూర్తి కథకు ఎన్ని ఊళ్లు పెట్టాయి? జవాబు నాకు తెలుసు కాబట్టి ముందుకు పోతాను.

ఇప్పటి పిల్లలకు పుట్టుకతో వచ్చిన మిరాశి ఇండ్లు లేవు. సొంతంగా సంపాదించుకోవాలి. ఆ పని ఎట్ల చెయ్యాలో నేర్చుకోవడానికి నల్లగొండలోనే ఒక మంచి ఉదాహరణ ఉంది. సుద్దాల హనుమంతు గారు 1940ల్లో సంఘం పాట ఊళ్లకు తీసుకుపోవాలనుకున్నప్పుడు కొత్త పద్ధతిలో కొత్త సభ పెట్టి జనాన్ని రమ్మనలేదు. గొల్లసుద్దులు చూడ్డానికి జనం అప్పటికే వస్తున్నారు, ఆ సుద్దుల్లో సంఘం మాట పెట్టాడు. బుర్రకథకు వస్తున్నారు, బుర్రకథ దళం కట్టాడు. పిట్టలదొర వేషం, ఫకీరు వేషం, జనానికి నచ్చినవన్నీ వాడుకున్నాడు. జనం ఎక్కడ, ఏ ఒరవడికి చెవి ఇస్తున్నారో అక్కడికి తానే పోయాడు. ప్రజానాట్యమండలి వాళ్లూ ఇదే చేశారు, ఆ తర్వాత తెలంగాణ ఉద్యమంలో 2002 నుంచి ధూంధాం వేదికలూ ఇదే చేశాయి. పెద్ద పెద్ద పాటగాళ్ల కథల్లో మనం ప్రతిభ ఒక్కటే చూస్తాం. ఏ జనం ఎదుట, ఎప్పుడు, దేనికోసం అన్న ఎరుక కూడా చూడాలి.

ఇక ఇప్పటి మిరాశి ఇండ్లు ఎవరివి?

నన్నడిగితే మొదటి ఇల్లు సౌండ్ సిస్టం మనిషిది. మీరు నవ్వుకోవచ్చు. మా కమిటీలో ఎవరిని పిలవాలన్న మాట వచ్చినప్పుడు యూట్యూబ్ తెరిచి చూసేవాళ్లు తక్కువ. "మైకు సెట్టాయనను అడుగు, ఎవరు బాగ పాడుతుండ్రో ఆయనకు ఎరుక" అంటారు. సౌండ్ బాక్సులు, షామియానా, స్టేజీ కిరాయికి ఇచ్చేవాడు చుట్టుపక్కల ఇరవై ముప్పై ఊళ్ల కార్యక్రమాలు రాత్రిళ్లు కూర్చుని చూసి ఉంటాడు. ఎవడు వేళకు వస్తాడు, ఎవడు తాగి వస్తాడు, ఎవడు మైకు విసిరేస్తాడు, ఎవరు పాడితే ఆడవాళ్లు లేచిపోకుండా కూర్చుంటారు, అన్నీ ఆయన లెక్కలో ఉంటాయి. కొత్తగా పాడే పిల్లవాడు ముందు ఆయన్ని మంచి చేసుకోవాలి. మంచి చేసుకోవడమంటే చాయ్ తాగించడం కాదు. చెప్పిన వేళకంటే ముందొచ్చి మైకు సరిచూసుకోవడం, మానిటర్ అరుస్తుంటే ఆయనమీద అరవకుండా ఉండటం, ట్రాకులు పెన్‌డ్రైవ్‌లో వరుసగా పెట్టి తేవడం, అయిపోయాక వైర్లు చుట్టడంలో ఒక చెయ్యి వెయ్యడం. ఇంతే. పది ఊళ్లు తిరిగే మనిషి నోట్లో మీ పేరు పడితే పది ఊళ్లలో పడ్డట్టే.

రెండో ఇల్లు బృందం పెద్దాయనది. మన దగ్గర ప్రతి మండలంలో ఒకరో ఇద్దరో ఉంటారు, పాతికేండ్ల నుంచి పాడుతున్నవాళ్లు, డప్పు, డోలక్, కోరస్ కలిపి ఒక బృందం నడిపేవాళ్లు. వాళ్ల దగ్గర కోరస్‌లో నిలబడటానికి ఇప్పటి పిల్లలకు నామోషీ. "నేను సోలో పాడతా సార్" అంటారు. కోరస్‌లో నిలబడినవాడికి దొరికేది చెబుతాను. పెద్దాయన గొంతు తడుపుకునే సందులో ఒక పాట దొరుకుతుంది. ఒకే రోజు రెండు ఊళ్ల నుంచి పిలుపు వస్తే రెండో ఊరికి పొమ్మంటాడు. ఆయనకు ఒంట్లో బాగులేని రోజు మొత్తం ప్రోగ్రాం మీదే. అంతకంటే ముఖ్యం, జనం కుదురుగా లేనప్పుడు ఏ పాట ఎత్తుకోవాలో, ఎప్పుడు పాట ఆపి ఒక పిట్టకథ చెప్పాలో పక్కన నిలబడి చూస్తే గాని రాదు.

మూడోది పిల్లల సొంత ఇల్లే, వాళ్లకు కనబడదు. శనివారం రాత్రి హనుమాన్ గుడి దగ్గర భజన. పడమటి దేశాల్లో, ఇప్పుడు హైదరాబాదులోనూ, ఓపెన్ మైక్ అని ఒకటి ఉంది. ఎవరైనా వచ్చి పేరు రాయించుకుని ఒకటి రెండు పాటలు పాడి పోవచ్చు. బంజారాహిల్స్‌లో 2010లో తెరిచిన లామకాన్‌లో అది చూసి వచ్చిన పిల్లలు మన ఊళ్లలోనూ అట్లాంటిది పెట్టాలంటారు. పెట్టండి, మంచిదే. కాని మన భజన ఓపెన్ మైక్ కాక మరేమిటి? పాలమూరు దిక్కు హనుమద్దాసు కీర్తనలు, రాకంచర్ల వెంకటదాసు కీర్తనలు, యాదగిరిగుట్ట దిక్కు ఈగ బుచ్చిదాసు కీర్తనలు పాడే ముసలివాళ్లు హార్మోనియం జరిపి చోటు ఇస్తారు. తాళం తప్పితే అక్కడే తొడమీద తట్టి చెబుతారు. ఏకాహం పెడితే రాత్రంతా పాడటానికి గొంతులు చాలవు, ఎవరు వచ్చినా సంతోషమే. ఒక ఏడాది అక్కడ కూర్చున్న పిల్లకు మైకు లేకుండా యాభైమందికి వినబడేట్టు పాడటం వస్తుంది. స్టూడియోలో అది రాదు.

ఆ తర్వాత గణపతి నవరాత్రులు. కొత్తవాళ్లకు వీటిని మించిన బడి లేదని నా నమ్మకం. నల్లగొండలో, మిర్యాలగూడలో, సూర్యాపేటలో, జడ్చర్లలో గల్లీకొక మండపం. తొమ్మిది నుంచి పదకొండు రాత్రులు. మొదటి రోజు, నిమజ్జనం రోజు జనం బాగా ఉంటారు, పెద్ద బృందాలను పిలుస్తారు. నడుమ మూడో రోజు, నాలుగో రోజు, ఆరో రోజు రాత్రి పూజ అయినాక మండపంలో నలుగురు పిల్లలు, ఇద్దరు కాపలావాళ్లు తప్ప ఎవరూ ఉండరు. ఆ రాత్రులు అడగండి. కమిటీ పిల్లలు కాదనరు, ఎందుకంటే ఆ రాత్రి ఏం చెయ్యాలో వాళ్లకూ తెలియదు. అయిదుగురితో మొదలై, పాట విని చుట్టుపక్కల ఇండ్లవాళ్లు కుర్చీలు తెచ్చుకుని కూర్చుంటే, అదీ ప్రోగ్రాం. ఇంగ్లండులో బీటిల్స్ అనే నలుగురైదుగురు కుర్రాళ్లు పేరు రాకముందు, 1960 నుంచి, జర్మనీలో హాంబర్గ్ ఓడరేవు క్లబ్బుల్లో రాత్రికి గంటలకొద్దీ వాయించారు. అక్కడ వినేవాళ్లు వీళ్ల కోసం వచ్చినవాళ్లు కాదు. వచ్చినవాణ్ణి కూర్చోబెట్టడం అక్కడే నేర్చుకున్నారు. ఆ హాంబర్గ్ మనకు ఏటా భాద్రపదంలో గల్లీలోకే వస్తుంది.

సందర్భం మర్చిపోయి పాడితే ఎంత గొప్ప గొంతైనా రెండోసారి పిలవరు. దినాల కార్యం దగ్గర పాడటం మన దిక్కు ఉన్న ఆచారమే. పోయిన మనిషి బతుకు చెప్పి, తత్వాలు పాడి, ఇంటివాళ్ల కండ్లు తడిపి, మళ్లీ తుడిచి లేపాలి. 2023లో వచ్చిన బలగం సినిమా చివర్లో బుడగజంగాల కథ విన్నవాళ్లకు ఆ పని ఎంత బరువైందో తెలిసే ఉంటుంది. అక్కడికి పోయే ముందు పోయినాయన పేరు, ఆయన పని, పిల్లల పేర్లు, ఆయనకు ఇష్టమైన పాట అడిగి రాసుకున్న గాయకుణ్ణి ఊరు మరచిపోదు. నల్లగొండలో కమ్యూనిస్టుల సంస్మరణ సభలకూ ఇదే లెక్క. పెండ్లిలో సంగీత్ వేరు, బారాత్ వేరు. బారాత్‌లో తీన్మార్ తప్ప వేరేది వినరు, కాబట్టి అక్కడ బ్యాండ్ మేళం వాళ్లతో కలిసి ఒక రెండు పాటలు అందుకోవడమే తెలివి. జాతరల్లోనూ తేడా ఉంది. సూర్యాపేట దగ్గర దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతరలో భేరీలు మోగుతుంటే, ఓ లింగా అని గట్టు ఎక్కే జనంలో మీ కార్డ్‌లెస్ మైకు ఎవరికీ పట్టదు. అక్కడ పాడాలంటే గట్టుకు పోయే తొవ్వలో అన్నదానం పెట్టేవాళ్ల పందిట్లో పాడాలి. చిన్నచింతకుంట దిక్కు కురుమూర్తి జాతర దీపావళి దాటినాక చాలా రోజులు నడుస్తుంది. ఉద్దాల ఉత్సవం రోజు తొక్కిసలాట, మిగతా రోజుల్లో సాయంత్రం పూట జనం నింపాదిగా ఉంటారు. చెర్వుగట్టు, మన్నెంకొండ మాఘంలో. గుట్ట బ్రహ్మోత్సవాలు ఫాల్గుణంలో, అక్కడ సాంస్కృతిక కార్యక్రమాలకు దేవస్థానమే వేదిక వేస్తుంది, ముందుగా దరఖాస్తు పెట్టుకోవాలి. ఈ రెండు జిల్లాల తిథులన్నీ ఒక నోటుబుక్కులో రాసుకుంటే చాలా పని అయిపోతుంది. రాసుకున్న పిల్లలను నేను పెద్దగా చూడలేదు.

ఫోను మాట ఎత్తకపోతే పిల్లలకు కోపం వస్తుంది. యూట్యూబ్‌లో మన జానపదం ఇవాళ పెద్ద సంత. మహబూబ్‌నగర్ జిల్లా తండా నుంచి వచ్చిన రాము రాథోడ్ పాట 2025లో దేశం దాటి మోగింది. అది నిజం, సంతోషం. అయితే దాన్ని చూసి పొలం గట్టుమీద డ్రోన్ కెమెరా, కొత్త బట్టలు, డ్యాన్సు పిల్లలు పెట్టి అప్పు చేసి వీడియో తీసే ముందు ఒక్కసారి నా మాట వినండి. పిలిచే మాకు ఆ వీడియో పనికిరాదు. అందులో పెదవులు కదులుతాయి, గొంతు స్టూడియోది. ఈ పిల్లవాడు మా గల్లీలో, మా డబ్బా మైకులో, కరెంటు పోయి వచ్చే చోట ఎట్ల పాడతాడో మాకు కావాలి. కాబట్టి ఎక్కడో ఒక మండపంలో పాడుతుండగా స్నేహితుడు చేత్తో పట్టుకుని తీసిన రెండు నిమిషాల వీడియో, కోత లేకుండా, ఎదురుగా కూర్చున్న జనం కూడా కనబడేట్టుగా, వాట్సాప్‌లో పంపండి. కింద మీ పేరు, ఊరు, ఎంతమంది వస్తారు, ఎంతసేపు పాడగలరు. అది చాలు. ఎంతసేపు అన్నచోట నిజం రాయండి. గంటన్నర అని రాసి నలభై నిమిషాలకు అయిపోతే మిగతా సేపు కమిటీ సెక్రటరీ మైకు తీసుకుంటాడు. ఆ బాధ మీకు తెలియదు.

ఇక పైసలు. మన పిల్లలు నోరు తెరవని చోటు ఇదే.

"తమ్మీ, ముందుగాల వచ్చి పాడు. పైసల సంగతి అయినంక చూద్దాం."

"అట్లనే కాకా."

ఆ రెండు మాటలతో బేరం అయిపోయినట్టే. పాట అయ్యాక కాకా ఫోన్ ఎత్తడు. లేదా జేబులోంచి తీసి నలుగురి ముందు చేతిలో పెడతాడు, లెక్కపెట్టుకోవడానికి మొహమాటం. నేను కమిటీ మనిషిని కాబట్టి చెబుతున్నాను, అడిగినవాణ్ణి మేము తక్కువగా చూడం. బ్యాండ్ మేళం వాడికి, టెంట్ వాడికి, వంటమనిషికి బయానా ఇవ్వకుండా పని చెప్పం కదా. పాడే పిల్ల అడగకపోతే ఇవ్వం. ఇట్ల అనాలి: "కాకా, బండి కిరాయి, ప్యాడ్స్ తమ్మునికిచ్చేది నా చేతి నుంచి పడతది. గంతవరకు బయానాగ ఇయ్యండ్రి. మిగిలింది పాట అయినంక, మైకు దించకముందే." ఎవరు పిలిచారో, ఏ తేదీ, ఎన్ని గంటలకు, ఎంత, భోజనం ఎవరిది, ఇంటికి దింపేది ఎవరు, ఇవి వాట్సాప్‌లో ఒక్క మెసేజ్‌గా పెట్టి "సరేనా కాకా" అని అడిగితే, అవతల "ఓకే" అని వస్తే, అదే మీ కాగితం.

బృందంలో పంపకం కూడా ముందే మాట్లాడుకోవాలి. బండి, సౌండు ఖర్చులు తీసేశాక ఎవరికి ఎన్ని పాళ్లు అన్నది బయలుదేరకముందు తేలకపోతే, నార్కెట్‌పల్లి దగ్గర అర్ధరాత్రి చాయ్ బండి కాడ బృందం విడిపోతుంది. నేను విడిపోయిన బృందాలను లెక్కపెట్టలేదు గాని, పాట బాగలేక విడిపోయింది మాత్రం ఒక్కటీ లేదు.

ఆడపిల్లల సంగతి విడిగా చెప్పాలి. మన ఊళ్లలో మంచి గొంతులు ఎక్కువగా ఆడపిల్లలవే. బతుకమ్మ దగ్గర, నాట్ల దగ్గర విన్నవాళ్లెవరైనా ఒప్పుకుంటారు. స్టేజీమీద తక్కువ కనబడటానికి కారణం గొంతు కాదు, తిరుగు ప్రయాణం. రాత్రి పదకొండుకు కార్యక్రమం అయితే చివరి బస్సు ఎప్పుడో పోయింది. అమ్మనో తమ్ముణ్ణో వెంట తెచ్చుకుంటే "వాళ్లకు కూడా బండిలో జాగా, భోజనం" అని అడగటానికి సంకోచం. అడగక్కర్లేకుండా కమిటీయే చెప్పాలి. మీరు ఏదైనా కమిటీలో ఉండి ఈ మాటలు వింటుంటే, ఆడపిల్లను పిలిచినప్పుడు బండి మీ బాధ్యత, తోడు వచ్చినవాళ్ల భోజనం మీ బాధ్యత అనుకోండి. కార్యక్రమాన్ని ఏడున్నరకే మొదలుపెడితే సగం చిక్కు తీరిపోతుంది.

చట్టం కూడా ఆ వైపే ఉంది. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా బయట మైకు పెట్టకూడదు. పండుగలకు అర్ధరాత్రి దాకా సడలింపు ఇచ్చే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉంది, అదీ ఏడాదికి పదిహేను రోజులు మించకుండా. పోలీసు పర్మిషన్ కమిటీ తీసుకుందా లేదా అని పాడేవాళ్లే అడిగి తెలుసుకోవాలి. పోలీసులు వచ్చి మైకు ఆపిస్తే, మిగిలిన పైసలు ఆపడానికి అది మంచి సాకు అవుతుంది.

సినిమా పాటలు పాడొచ్చా అని కొందరికి భయం. మతపరమైన కార్యక్రమాల్లో, పెండ్లిలో, పెండ్లికి సంబంధించిన వేడుకల్లో పాడితే 1957 కాపీరైట్ చట్టం మినహాయింపు ఇచ్చింది. 2023 జులైలో కేంద్ర ప్రభుత్వం కూడా ఈ సంగతి మళ్లీ స్పష్టం చేసింది. టికెట్టు పెట్టి షో చేస్తేనో, హోటల్లో పాడితేనో వేరే లెక్క, అక్కడ ఐపీఆర్‌ఎస్ సంస్థ లైసెన్సు కావాలి. అది నిర్వాహకుడి పని, మీ పని కాదు. మీరు సొంతంగా పాట రాసి బాణీ కడితే మాత్రం అదే సంస్థలో మీరే సభ్యులు కావచ్చు.

ప్రభుత్వం దిక్కు తొవ్వలు ఉన్నాయి, సన్నవి. తెలంగాణ సాంస్కృతిక సారథిలో మొదట్లోనే సుమారు అయిదువందల యాభై మంది కళాకారులను ఉద్యోగాల్లోకి తీసుకున్నారు. కొత్తవాళ్లకు అక్కడ ఎప్పుడు తలుపు తెరుస్తారో చెప్పలేం. కాని ఆరోగ్యం, అడవులు, బ్యాంకుల ప్రచారానికి కళాజాతలు అవసరమైనప్పుడు జిల్లా పౌర సంబంధాల అధికారి కార్యాలయం నుంచి కబురు పోతుంది; అక్కడ మీ బృందం పేరు, ఫోన్ నంబరు ఉండటంలో నష్టం లేదు. నల్లగొండ మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయంలోనో పాలమూరు విశ్వవిద్యాలయంలోనో చదివే పిల్లలు యువజనోత్సవాల్లో జానపద గీతం పోటీకి పేరు ఇవ్వండి. జిల్లా, రాష్ట్రం దాటితే జనవరిలో జాతీయోత్సవం ఉంటుంది. ఇక ఆకాశవాణి ఆడిషన్. బి గ్రేడ్ వచ్చిన గాయకుడు కమిటీ ముందు కూర్చుంటే బేరం వేరుగా నడవడం నేను చూశాను. బి, ఆపైన బి హై, ఎ, టాప్. ముందు బి కి పోవాలి. శ్రుతి పెట్టె ముందు కూర్చుని, ఎఫెక్టులు లేని మైకులో పాడాలి. యూట్యూబ్ గొంతులు చాలా అక్కడ ఆగుతాయి.

ఎన్నికల పాటల గురించి రెండు మాటలు. మన పాటగాళ్లకు ఎన్నికలంటే పెండ్లి సీజనంత పని. ప్రచార రథం, రికార్డింగు, సభకు ముందు గంటన్నర పాట. చేతినిండా పైసలు, వేలమంది జనం. వద్దనను. ఒక్కటి గుర్తుంచుకోండి, ఊరు చిన్నది. ఇవాళ ఒక జెండా కింద పాడితే, రేపు అవతలి జెండావాళ్ల ఇంట్లో పెండ్లికి మీ పేరు ఎవరూ ఎత్తరు. ఆ జెండా మీ మనసులోనిదైతే ఆ నష్టం మీరు భరిస్తారు. కేవలం కిరాయికైతే ముందే లెక్క వేసుకోండి. నాగర్‌కర్నూలు జిల్లా తెలకపల్లి మండలం గౌరారంలో పుట్టిన గోరటి వెంకన్న గారి పాటను అన్ని జెండాలవాళ్లూ పాడుకుంటారు. అది అందరికీ సాధ్యమయ్యేది కాదు, తెలుసు.

ఇప్పుడు ఆషాఢం అనుకోండి. పెండ్లిళ్లు లేవు, వానలు మొదలైనాయి, పిలుపులు రావు. పాటగాళ్లు డీలాపడే నెల. పిలిచే వైపు మాత్రం పనంతా ఈ నెలలోనే. శ్రావణంలో ఊరి బోనాలకు ఎవరు, భాద్రపదంలో గణపతి దగ్గర ఎవరు, బతుకమ్మకు ఎవరని కమిటీలు కూర్చునేది ఆషాఢం చివరి ఆదివారాల్లోనే, ఎవరో ఒకరి అరుగుమీద, చాయ్ తాగుతూ. రెండేండ్లకోసారి వచ్చే పెద్దగట్టు 2025లో అయింది, మళ్లీ 2027 మాఘంలో. దాని తొవ్వలో పందిళ్లు వేసేవాళ్లు ఆ ముందు ఏడు కార్తీకం నుంచే చందాలు మొదలుపెడతారు. ఆ అరుగు దగ్గరికి వచ్చి "కాకా, నాలుగో రోజు రాత్రి నాకియ్యి" అన్న పిల్లకు కాదన్న కమిటీని నేనింతవరకు చూడలేదు. రెండు నిమిషాల వీడియో మాత్రం మర్చిపోకండి.